కొలిచేదెవరు, కొలిచాక ఏం చేస్తారు?

స్వతంత్ర భారతంలో పల్లెల కోసం మొదలైన తొలి పెద్ద కార్యక్రమం సామాజికాభివృద్ధి పథకం. 1952 అక్టోబరు 2న దానికి శ్రీకారం చుట్టారు. దాని బాగోగులు విడిగా చూసి చెప్పడానికి ప్రణాళికా సంఘం కింద ప్రోగ్రాం ఎవాల్యుయేషన్ ఆర్గనైజేషన్ అనే సంస్థ కూడా అదే నెలలో పుట్టింది. పని చేసే శాఖ వేరు, ఆ పనిని తూచే సంస్థ వేరు అయి ఉండాలన్న ఆలోచన మన దేశంలో అంత పాతది. ఈనాడు స్వచ్ఛంద సంస్థల్లో ఉద్యోగానికి వెళ్లే ప్రతి ఒక్కరూ బట్టీపట్టే లాజికల్ ఫ్రేమ్‌వర్క్ పట్టిక అమెరికా సహాయ సంస్థ యూఎస్‌ఎయిడ్ కోసం తయారైంది 1969లో. మనం అప్పటికి పదిహేడేళ్లుగా ఆ పనిలో ఉన్నాం.

అయినా ఇవాళ తిరుపతిలో సోషల్ వర్కో ఎకనామిక్సో పీజీ చేసిన అమ్మాయి అభివృద్ధి పథకాల పర్యవేక్షణ, మూల్యాంకనం నేర్చుకోవాలంటే ఆన్‌లైన్ సర్టిఫికెట్ కోర్సు వెతుక్కుంటుంది. అందులో ఉదాహరణలన్నీ కెన్యావో బంగ్లాదేశ్‌వో ఉంటాయి. అవి చదవడం తప్పేమీ కాదు. కానీ ఆ అమ్మాయి ఇంటికి బస్సు దూరంలోనే ఈ విద్యకు సంబంధించిన గొప్ప ప్రయోగాలు జరిగాయి. కొన్ని నిలిచాయి, కొన్ని నీరుగారాయి, కొన్నింటి గురించి పరిశోధకులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. పాత చిత్తూరు జిల్లా, చుట్టుపక్కల రాయలసీమ, నెల్లూరు అనుభవాలను ఒకచోట పెట్టి చూస్తే నాకు ఒక సంగతి స్పష్టంగా కనిపిస్తోంది. కొలిచినవాళ్లే ఆ కొలతను బట్టి నిర్ణయం తీసుకోగలిగినచోట పర్యవేక్షణ పని చేసింది. పైవాళ్లకు పంపడం కోసమే కొలిచినచోట అది కాగితంగా మిగిలిపోయింది. ఈ వ్యాసం ఆ మాటకు రుజువులు, అభ్యంతరాలు రెండూ వెతుకుతుంది.

ముందుగా ఈ రెండు పనుల తేడా చెప్పుకోవాలి. ఒక ఊళ్లో చెక్‌డ్యాం కడుతున్నారనుకుందాం. సిమెంటు వచ్చిందా, కూలీ డబ్బులు అందాయా, గోడ అనుకున్న ఎత్తుకు లేచిందా అని పని నడుస్తుండగా చూడడం పర్యవేక్షణ. రెండేళ్ల తరువాత వెళ్లి, దిగువ బావుల్లో నీళ్లు పెరిగాయా, పెరిగితే అది ఈ చెక్‌డ్యాం వల్లనేనా, ఆ నీళ్లు ఎవరి పొలానికి పారాయి అని అడగడం మూల్యాంకనం. మొదటిదానికి క్రమశిక్షణ చాలు. రెండోదానికి అనుమానించడం రావాలి. మన శాఖల నివేదికల్లో మొదటిది దండిగా ఉంటుంది, రెండోది అరుదు. ఎన్ని చెక్‌డ్యాంలు కట్టారో చెప్పే పట్టికలు దొరికినంత సులభంగా, కట్టినచోట ఏం మారిందో చెప్పే పేజీలు దొరకవు.

బోరు దగ్గర నేర్చిన పాఠం

భూగర్భ జలం గురించి ఎక్కువసేపు మాట్లాడతాను, ఎందుకంటే ఈ విద్యకు మన ప్రాంతం ఇచ్చిన అసలైన కానుక అక్కడే ఉంది.

1995 నుంచి 2003 దాకా నెదర్లాండ్స్ సాయంతో ఏపీవెల్ అనే ప్రాజెక్టు చిత్తూరుతో సహా ఏడు కరువు జిల్లాల్లో చిన్న, సన్నకారు రైతులకు బోర్లు వేయించింది. బోర్లు వేశాక అసలు ప్రశ్న ఎదురైంది. ఇవి ఎన్నాళ్లుంటాయి? దానికి జవాబుగా 2003లో రైతుల ఆధ్వర్యంలో భూగర్భ జలాల నిర్వహణ ప్రాజెక్టు మొదలైంది. అందరూ దాన్ని ఏపీఫామ్స్ అన్నారు. నంద్యాలకు చెందిన బర్డ్స్ అనే స్వచ్ఛంద సంస్థ ముందుండి నడిపింది. తరువాత ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ ఎఫ్‌ఏఓ తోడైంది. అవే ఏడు జిల్లాలు, ఆరు వందలకు పైగా పల్లెలు.

ఆ ప్రాజెక్టు రైతుకు సబ్సిడీ ఇవ్వలేదు, బోరు వేయవద్దని నిషేధమూ పెట్టలేదు. కొలవడం నేర్పింది, అంతే. ఊళ్లో ఎంచుకున్న బోర్లలోకి తీగ దించితే నీటిని తాకగానే శబ్దం చేసే పరికరం ఉంటుంది. దానితో నీటిమట్టం ఎన్ని మీటర్ల లోతున ఉందో రైతులే చూసి రాసుకునేవారు. డ్రమ్ము ఎంతసేపట్లో నిండిందో గడియారం పట్టి బోరు ఎంత పోస్తోందో లెక్క కట్టేవారు. వాన కొలిచే గొట్టం ఊళ్లోనే ఉండేది. ఆ అంకెలు గోడ మీద బోర్డుకెక్కేవి. ఆడవాళ్లు, మగవాళ్లు ఇద్దరూ ఈ పని చేశారు. అక్టోబరు వచ్చేసరికి అందరూ కూర్చుని నీటి బడ్జెట్ వేసుకునేవారు. వానాకాలంలో ఎంత నీరు భూమిలోకి ఇంకింది, తాగడానికి ఎంత కావాలి, రబీలో ఎవరెవరు ఏ పంట ఎన్ని ఎకరాల్లో పెట్టాలనుకుంటున్నారు, ఆ పంటలన్నిటికీ కలిపి ఎంత నీరు పడుతుంది. లోటు తేలితే ఇక ఎవరి ఇష్టం వారిది. వరి తగ్గించి చెనిక్కాయో ఇంకో ఆరుతడి పంటో పెట్టాలని చట్టం లేదు, జరిమానా లేదు. అంకె మాత్రం అందరి కళ్ల ముందు ఉంది.

పర్యవేక్షణ గురించి రాసిన పుస్తకాలన్నిటిలోనూ ఉండే ఆదర్శం ఇదే. సమాచారం సేకరించినవాడే దాన్ని వాడుకునేవాడు. ప్రపంచ బ్యాంకు 2010లో భారతదేశ భూగర్భ జలాలపై ప్రచురించిన ‘డీప్ వెల్స్ అండ్ ప్రుడెన్స్’ నివేదిక ఈ ప్రాజెక్టును ఎంతో మెచ్చుకుంది. రైతులు నీటి వాడకం తగ్గించుకున్నారని, అది ఆదాయం పోగొట్టుకుని చేసిన త్యాగం కాదని చెప్పింది. ఆ నివేదిక తరువాత ప్రపంచమంతటా భూగర్భ జలాల సభల్లో మన రైతుల పేరు వినిపించింది.

ఇక్కడితో ఆగితే ఇది విజయగాథ అయ్యేది. 2012లో ఇవ్మీ-టాటా జల విధాన కార్యక్రమం పరిశోధకులు ప్రాజెక్టు ముగిశాక పల్లెలకు వెళ్లి చూశారు. చెప్పుకున్నంత ప్రభావం కనబడలేదని, నిధులు ఆగాక చాలాచోట్ల సంఘాలు నీరసించాయని రాశారు. తమ పత్రానికి ‘ఎ రియాలిటీ చెక్’ అని పేరు పెట్టారు. ఒకే ప్రాజెక్టు, రెండు మూల్యాంకనాలు, రెండు తీర్పులు. విద్యార్థులకు ఈ రెండు పత్రాలనూ పక్కపక్కన పెట్టి చదివిస్తే చాలు, సగం విద్య వచ్చినట్టే. ఒకరు ప్రాజెక్టు నడుస్తున్నప్పటి సమాచారం మీద ఆధారపడ్డారు, మరొకరు ఆగాక వెళ్లారు. ఒకరు పోగైన కొలతలు చూశారు, మరొకరు ఆ కొలతలు తీసిన సంఘం బతికి ఉందా అని చూశారు. ఎవరు అబద్ధమాడారన్న ప్రశ్న ఇక్కడ పనికిరాదు. ఎప్పుడు, ఎవరిని, ఏమడిగారన్నదే తీర్పును మార్చేసింది.

నా తీర్పు అడిగితే, ఆ ప్రాజెక్టు నేర్పిన విద్య గొప్పది, దానికి కల్పించిన ఆయుష్షు చిన్నది. వాన గొట్టం పగిలితే కొత్తది కొనడానికి పంచాయతీ బడ్జెట్‌లో ఒక పద్దు లేదు. కొలిచిన అంకెను అందుకుని జవాబు చెప్పే ప్రభుత్వ శాఖ లేదు. పక్క పొలంవాడు కొత్త బోరు వేస్తుంటే నీటి బడ్జెట్ చూపించి ఆపే అధికారం సంఘానికి లేదు. కొలత చేతికి వచ్చింది, దాని వెనక ఉండాల్సిన అధికారం రాలేదు. ఇంకో చిక్కు మన నేలకు ప్రత్యేకం. అక్టోబరులో వేసే నీటి బడ్జెట్ నైరుతి వానల లెక్క మీద నడుస్తుంది. శ్రీకాళహస్తి, సత్యవేడు వైపు పెద్ద వాన అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య ఈశాన్య రుతుపవనాలతో వస్తుంది. అక్కడ అక్టోబరు లెక్క సగం లెక్కే. పద్ధతిని ఒక జిల్లా నుంచి ఇంకో జిల్లాకు తెచ్చుకునేటప్పుడు పంచాంగం కూడా చూసుకోవాలి.

ఈ కథకు ఒక కొనసాగింపు ఉంది. రూత్ మైంజెన్-డిక్ నాయకత్వంలో పరిశోధకులు ఆంధ్రప్రదేశ్ పల్లెల్లో రైతులతో ఒక ఆట ఆడించారు. అయిదారుగురు కూర్చుని ఎక్కువ నీరు తాగే పంటో తక్కువ నీరు తాగే పంటో ఎంచుకుంటారు. ప్రతి ఆవృత్తం తరువాత భూమిలో మిగిలిన నీరెంతో తెలుస్తుంది. ఆ తరువాత వెళ్లి చూస్తే, అదే స్వచ్ఛంద సంస్థల కార్యక్రమాలున్న ఇతర పల్లెలతో పోలిస్తే, ఆట ఆడిన ఊళ్లు నీటి రిజిస్టర్లు, నీటి వాడకం నియమాలు పెట్టుకోవడం ఎక్కువగా కనిపించింది. 2018లో వెలువడిన ఆ పత్రం చెప్పేదేమిటంటే, కొలత కన్నా ముందు ఆ కొలత ఎందుకో ఊరికి అర్థం కావాలి.

వాన చేసిన మేలు ఎవరి ఖాతాలో?

2021 నవంబరులో తిరుపతిని ముంచెత్తిన వాన ఎవరూ మరచిపోరు. రామచంద్రాపురం మండలంలో రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని ఊళ్లు ఖాళీ చేయించారు. ఎండిన బోర్లు మళ్లీ పోశాయి. ఇప్పుడు ఊహించండి. 2020లో ఒక సంస్థ ఒక ఊళ్లో ఇంకుడుగుంతలు తవ్వించింది. 2022లో వచ్చి నీటిమట్టం కొలిచింది. నీళ్లు ఎంతో పెరిగాయి. నివేదికలో ఫొటోలతో సహా విజయం రాసుకోవచ్చు. కానీ ఇంకుడుగుంత తవ్వని పక్క ఊళ్లోనూ నీళ్లు అంతే పెరిగి ఉండవచ్చు కదా?

‘ముందు–తరువాత’ పోలిక చాలదని, ‘ఉన్న ఊరు–లేని ఊరు’ పోలిక కూడా కావాలని చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ ఏ పాఠ్యపుస్తకంలోనూ దొరకదు. గట్టి రాతి నేలల్లో నీటిమట్టం ఒక మంచి వానకు ఎగసి, ఒక చెడ్డ ఏడాదికి పడిపోతుంది. కరువు ఏడాదిలో మొదలుపెట్టి మంచి ఏడాదిలో ముగించిన ఏ ప్రాజెక్టైనా పైకి గొప్పగానే కనిపిస్తుంది.

పరిపాలన పటం మారడం ఇంకో తలనొప్పి. 2022 ఏప్రిల్ 4న పాత చిత్తూరు జిల్లా మూడు ముక్కలైంది. గూడూరు, సూళ్లూరుపేట, నాయుడుపేట నెల్లూరు నుంచి విడిపడి తిరుపతి జిల్లాలో చేరాయి. మదనపల్లె అన్నమయ్య జిల్లాకు వెళ్లింది. 2011 జనాభా లెక్కల్లో, 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో చిత్తూరు అంటే పాత చిత్తూరు. అప్పటి అంకెను ఇప్పటి చిత్తూరు జిల్లా అంకెతో పోల్చి, పేదరికం ఇంత తగ్గిందనో రక్తహీనత ఇంత పెరిగిందనో రాస్తే అది మార్పు కాదు, సరిహద్దు గీత జరగడం. తీరపు మండలాలు కలిసిన తిరుపతి జిల్లాకు పాత అంకె అసలే అతకదు. మండలాల వారీగా పాత సమాచారాన్ని విడదీసి, కొత్త జిల్లాలకు తగ్గట్టు మళ్లీ కూర్చి అందరికీ అందుబాటులో పెట్టడం విశ్వవిద్యాలయాలు చేయవలసిన పని. అది జరగనిదే ఇక్కడ ఏ మూల్యాంకనానికీ పునాది గట్టిగా ఉండదు.

సంఘం పుస్తకం, బ్యాంకు అంకె

2000లో పేదరిక నిర్మూలన సంస్థ సెర్ప్ ఏర్పడి, ప్రపంచ బ్యాంకు రుణంతో వెలుగు ప్రాజెక్టు ఆరు జిల్లాల్లో మొదలైంది. వాటిలో చిత్తూరు ఒకటి. మొదట చేసిన పని పేదలెవరో ఊరే తేల్చుకోవడం. ముగ్గుపిండితో, రంగుపొడులతో నేల మీద ఊరి పటం గీసి, ఏ ఇంట్లో ఎవరున్నారో, ఎవరికి రెండు పూటలా తిండి ఉందో మాట్లాడుకుని నిరుపేదలు, పేదలు అని వర్గాలుగా పెట్టేవారు. రాబర్ట్ చాంబర్స్ వంటివారి పుణ్యమా అని 1980ల చివర మన దేశంలో పాతుకున్న భాగస్వామ్య పద్ధతి ఇది. పైనుంచి వచ్చే తెల్లకార్డుల జాబితా కన్నా ఎన్నో చోట్ల ఇది నిజానికి దగ్గరగా ఉంటుంది. ఊరి పెద్దల మాట చెల్లుబాటైనచోట అంతకన్నా దూరంగా పోయే ప్రమాదమూ ఉంది.

తరువాతిది మహిళా పొదుపు సంఘాల పర్యవేక్షణ. క్రమంగా సమావేశాలు, క్రమంగా పొదుపు, లోపలి అప్పులు, సకాలంలో చెల్లింపు, పుస్తకాలు సరిగా రాయడం అన్నవి పంచసూత్రాలు. వాటిని బట్టి సంఘానికి గ్రేడు, గ్రేడును బట్టి బ్యాంకు అప్పు. ఈ ఐదూ సంఘం సభ్యులకు అర్థమయ్యేవి, వాళ్లే సరిచూసుకోగలిగేవి. అందుకే చదువురాని అక్కలు కూడా తమ సంఘం పుస్తకంలో ఎవరి బాకీ ఎంతో నోటితో చెప్పగలిగారు.

ప్రభావం సంగతి? క్లాస్ డైనింగర్, యన్యన్ లియు 2,400 కుటుంబాల సమాచారంతో దీన్ని పరిశీలించారు. కార్యక్రమం ముందుగా చేరిన ఊళ్లను, ఆలస్యంగా చేరిన ఊళ్లతో పోల్చడం వాళ్ల పద్ధతిలో ఒక భాగం. రెండున్నర, మూడేళ్లు ఎక్కువగా కార్యక్రమంలో ఉన్నచోట తిండి, ఖర్చు, ఆస్తి పెరిగాయని, నిరుపేద కుటుంబాలకు కూడా మేలు జరిగిందని తేల్చారు. మొదటి ఏడాది రెండేళ్లలోనే ఆదాయం పెరిగిందా అని అడిగే దాతలు ఈ పత్రం చదవాలి. కొన్ని ఫలితాలకు అంత ఓపిక పడుతుంది.

ఇదే రంగంలో కొలత మోసం చేసిన సందర్భం కూడా మన కళ్ల ముందే ఉంది. సూక్ష్మరుణ కంపెనీలు తమ విజయానికి కొండగుర్తుగా చూపింది తిరిగి చెల్లింపుల శాతాన్ని. అది ఎప్పుడూ దాదాపు నూటికి నూరే. ఒకరి దగ్గర తెచ్చి ఇంకొకరికి కట్టే కుటుంబం కూడా ఆ లెక్కలో మంచి రుణగ్రహీతే. 2010 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆ కంపెనీలను కట్టడి చేసే ఆర్డినెన్సు తెచ్చేనాటికి పల్లెల్లో ఆత్మహత్యల వార్తలు వస్తున్నాయి. ఒక్క సూచికను పట్టుకుని దాని చుట్టూ జీతాలు, బోనస్‌లు, వాటాల ధరలు అల్లితే, ఆ సూచిక నిజం చెప్పడం మానేస్తుంది. ఇంటింటికీ వెళ్లి ఎన్నిచోట్ల అప్పులున్నాయని అడిగి ఉంటే నిజం బయటపడేది.

బడిలో కొలత

మదనపల్లె దగ్గర ఋషివ్యాలీలో వై.ఎ. పద్మనాభరావు, ఎ. రమ దంపతులు చుట్టుపక్కల పల్లెల పిల్లల కోసం ఏకోపాధ్యాయ పాఠశాలలకు తగిన పద్ధతి రూపొందించారు. పాఠాలు కార్డులుగా ఉంటాయి. కార్డులన్నీ మెట్లుగా ఒక పటంలో ఉంటాయి. పిల్లవాడు తాను ఏ మెట్టు మీద ఉన్నాడో తానే చూసుకుంటాడు. కొన్ని మెట్ల తరువాత వచ్చే కార్డు పరీక్ష. తప్పితే ఏడవనక్కర లేదు, ఇంకొన్ని కార్డులు చేసి మళ్లీ ప్రయత్నించాలి. జ్వరం వచ్చి నెల రోజులు రాకపోయినా ఆగిన చోటినుంచి మొదలుపెట్టవచ్చు. తమిళనాడు ప్రభుత్వ పాఠశాలల్లో విస్తరించిన కృత్యాధార బోధనకు, కర్ణాటకలోని నలి-కలికి ప్రేరణ ఈ పల్లె బడులే. చదువును నడుస్తుండగానే కొలిచే పద్ధతికి ఇంతకన్నా అందమైన రూపం నాకు తెలియదు. కొలత పిల్లవాడి చేతిలోనే ఉంది, టీచరు కళ్ల ముందే ఉంది.

దీనికి పక్కన మరో ప్రయోగం పెట్టి చూడాలి. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ ప్రభుత్వం, అజీం ప్రేమ్‌జీ ఫౌండేషన్, ప్రపంచ బ్యాంకులతో కలిసి ఉమ్మడి రాష్ట్రంలోని ఐదు జిల్లాల ప్రభుత్వ పాఠశాలల్లో చీటీ తీసినట్టు ఎంపిక చేసి పరీక్షించారు. మన పొరుగు జిల్లాలు కడప, నెల్లూరు వాటిలో ఉన్నాయి. కొన్ని బడుల్లో పిల్లల ప్రగతిని బట్టి టీచర్లకు బోనస్ ఇచ్చారు. రెండేళ్లకు ఆ పిల్లలు గణితంలో, భాషలో ముందున్నారు, బోనస్‌తో సంబంధం లేని సబ్జెక్టుల్లో కూడా. మరికొన్ని బడుల్లో బోనస్ లేకుండా, పిల్లలు ఎక్కడ వెనకబడ్డారో వివరంగా రాసిన నివేదిక టీచర్లకు ఇచ్చి, తరగతులను గమనించారు. అక్కడ టీచర్లు ఎవరైనా చూస్తున్నంతసేపు ఎక్కువ కష్టపడ్డారు. పిల్లల మార్కుల్లో మాత్రం తేడా లేదు.

2010లో ‘ఎకనమిక్ జర్నల్’లో వచ్చిన ఈ రెండో ఫలితం మనల్ని కలవరపెట్టాలి. పర్యవేక్షణ సమాచారం చేతికిస్తే చాలు, మనుషులు మారతారన్న నమ్మకం మీదే మన డ్యాష్‌బోర్డులన్నీ నిలబడి ఉన్నాయి. ఆ నమ్మకం ఇక్కడ నెగ్గలేదు. అలాగని బోనసే మందు అనీ నేననను. ఋషివ్యాలీలో బోనస్ లేదు. అక్కడ కొలత పాఠంలోనే భాగం. రేపు ఏ కార్డు తీయాలో ఇవాళ్టి కొలతే చెబుతుంది. నివేదికగా వచ్చిన కొలత అలా చెప్పలేదు.

1990ల తొలినాళ్ల సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం చిత్తూరు, నెల్లూరు జిల్లాల్లో ఊరూరా నడిచింది. దానికి జాతీయ అక్షరాస్యతా మిషన్ పెట్టిన కొలమానాలు చాలా పక్కా. నిమిషానికి 30 మాటలు పైకి చదవాలి, 7 మాటలు చూసి రాయాలి, 5 మాటలు చెబితే రాయాలి. మూడు వాచకాలు, ఒక్కోదానిలో మూడు పరీక్షలు. ఈ కొలతల్లో ఎక్కడా లేని ఫలితం నెల్లూరు జిల్లా దూబగుంటలో వచ్చింది. రాత్రి బడికి కూడిన ఆడవాళ్లు వాచకంలో తాగుడు గురించి చదివి, మాట్లాడుకుని, సారా కొట్టు మూయించారు. అది జిల్లా దాటి, సీమ దాటి రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1న సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. నిమిషానికి ఎన్ని మాటలు చదివారన్న పట్టికలో ఆ ఆడవాళ్లలో ఒకరైన దూబగుంట రోసమ్మ, ఆమె తోటివారు ఎన్నో వరుసలో ఉండి ఉంటారో! ముందే రాసుకున్న సూచికలు మాత్రమే చూసే మూల్యాంకనకారుడికి ఆ ఉద్యమం అసలు కనిపించదు. రిక్ డేవిస్ 1990లలో బంగ్లాదేశ్‌లో రూపొందించిన ‘అతి ముఖ్యమైన మార్పు’ పద్ధతి ఈ లోటు కోసమే పుట్టింది. ‘మీ జీవితంలో ఏం మారింది, అందులో ఏది పెద్దది, ఎందుకు’ అని అడిగి కథలుగా సేకరించి, ఊళ్లోనే చర్చించి ఎంచుకోవడం దాని సారం.

గ్రామసభలో లెక్కచెప్పడం

2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఉపాధి హామీ పథకం మొదలైంది. తొలి విడత జిల్లాల్లో చిత్తూరు ఉంది. చట్టంలోని 17వ సెక్షన్ గ్రామసభకు సామాజిక తనిఖీ హక్కు ఇచ్చింది. రాజస్థాన్‌లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ ప్రజా విచారణలుగా మొదలుపెట్టినదాన్ని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ వ్యవస్థగా మార్చింది. 2009లో దానికోసం ప్రత్యేక సొసైటీ ఏర్పడింది. కూలీల కుటుంబాల్లోని చదువుకున్న పిల్లలకు శిక్షణనిచ్చి, మస్టర్ రోలు చేతపట్టి ఇంటింటికీ పంపారు. జాబ్ కార్డులో ఉన్న రోజులు, నిజంగా పనిచేసిన రోజులు, పాసుపుస్తకంలో పడ్డ డబ్బు, ఈ మూడూ కలుస్తున్నాయా? కొలతలు వేసి, కాలువ ఎంత తవ్వారో చూశారు. తేలిన విషయాలను గ్రామసభలో, తరువాత మండల ప్రజావేదికలో అధికారుల ముందు చదివారు. ఒక యువకుడు మూల్యాంకనం నేర్చుకోవడానికి ఇంతకన్నా గట్టి బడి లేదని నేను నమ్ముతాను. ఇందులో నమూనా ఎంపిక ఉంది, పత్రాల పరిశీలన ఉంది, ఇంటర్వ్యూ ఉంది, అన్నిటికీ మించి కనుగొన్నది నలుగురిలో నిలబడి చెప్పే ధైర్యం ఉంది.

మరి అక్రమాలు తగ్గాయా? ఫర్జానా అఫ్రిదీ, వేగార్డ్ ఇవర్సన్ రాష్ట్రంలోని 300 పంచాయతీల తనిఖీ నివేదికలు వరుసగా పరిశీలించారు. తనిఖీలు పదేపదే జరిగినా మొత్తం మీద అక్రమాలు తగ్గిన జాడ లేదు. రూపం మారింది. కూలీ డబ్బుల్లో దొంగతనం పట్టుబడుతోందని, పట్టుకోవడం కష్టమైన సామగ్రి బిల్లుల వైపు మళ్లింది. తేలిన సొమ్ము రాబట్టడం, బాధ్యుల మీద చర్య బలహీనంగా ఉండడమే కారణంగా వాళ్లు చూపారు. నీటి బడ్జెట్ దగ్గర చూసినదే ఇక్కడా కనిపిస్తుంది. కొలత జనం చేతికి వచ్చింది, శిక్షించే అధికారం పైనే ఉండిపోయింది.

సాంకేతికత గురించి క్లుప్తంగా. వేలిముద్రల స్మార్ట్‌కార్డుల మీద మురళీధరన్, పాల్ నీహస్, సందీప్ సుఖ్తాంకర్ 157 మండలాల్లో చేసిన పరిశీలనలో అనంతపురం, కర్నూలు, కడప ఉన్నాయి. డబ్బు త్వరగా అందింది, మధ్యలో జారిపోయేది తగ్గింది. కూలీలు కొత్త పద్ధతినే కోరుకున్నారు. తెలంగాణలో 2018లో రైతుబంధు చెక్కుల సమయంలో, రైతులకు ఫోన్ చేసి కనుక్కుంటామని వ్యవసాయ అధికారులకు ముందే చెప్పడం ఒక్కటే పంపిణీని మెరుగుపరిచింది. ఖర్చు చాలా తక్కువ. మరోవైపు 2023 జనవరి నుంచి ఉపాధి పనుల దగ్గర రోజుకు రెండుసార్లు ఫొటో తీసి యాప్‌లో పెట్టడం తప్పనిసరి చేశారు. పనికి సంబంధం లేని ఫొటోలు, ఫొటోకు ఫొటో తీసినవి ఎక్కిస్తున్నారని 2025 జులైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే రాష్ట్రాలకు రాసింది. తేడా ఎక్కడుంది? మొదటి రెండింటిలో లబ్ధిదారుకు తన డబ్బో, తన మాటో దక్కింది. ఫొటో మాత్రం పైకే పోయింది. సిగ్నల్ లేని గుట్ట మీద ఫొటో ఎక్కకపోతే కూలీ పోయేది పనిచేసిన మనిషికి.

ఎక్కడ, ఎలా నేర్చుకోవాలి?

తిరుపతికి ఈ విద్యను నేర్పే సామర్థ్యం లేదనలేం. 1954 నుంచి శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం, 1983 నుంచి శ్రీపద్మావతి మహిళా విశ్వవిద్యాలయం ఉన్నాయి. శ్రీసిటీలో క్రియా విశ్వవిద్యాలయం ఉంది. 1981లో పుట్టిన రాష్ట్రీయ సేవా సమితి, దాని కృషి విజ్ఞాన కేంద్రం ఉన్నాయి. రాజేంద్రనగర్‌లోని జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థ మరీ దూరం కాదు. ఒకరి పని ఇంకొకరికి తెలియకపోవడమే లోపం. ఎం.ఎ. విద్యార్థి ఫీల్డ్‌వర్క్ పేరుతో అరవై ఇళ్లలో ప్రశ్నావళి నింపి, శాతాల పట్టికలు వేసి, బైండు చేసి లైబ్రరీకి ఇస్తాడు. ఆ ఊరికి దాని కాపీ చేరదు. వచ్చే ఏడాది ఇంకొకరు అదే ఊరికి వెళ్లి అవే ప్రశ్నలు అడుగుతారు. ఊరివాళ్లు విసుగుతో అవే జవాబులు చెబుతారు.

పాఠ్యాంశంగా నేను కోరేవి కొద్దే. లాగ్‌ఫ్రేమ్, మార్పు సిద్ధాంతం, సూచికలు రాయడం ఒక నెలలో వస్తాయి. వాటికి అంతకన్నా ఎక్కువ కాలం పెట్టనక్కర లేదు. నమూనా ఎంపిక, పోలిక ఊళ్లు, గణాంకాలు గట్టిగా నేర్పాలి. తెలుగులో ప్రశ్న రాయడం, అడగడం, మౌనంగా వినడం అంతకన్నా గట్టిగా నేర్పాలి. ‘మీ వార్షికాదాయం ఎంత’ అని అడిగితే మామిడి తోట ఉన్న రైతు ఏం చెబుతాడు? ఒక ఏడు కాపు, ఒక ఏడు లేదు, గుజ్జు ఫ్యాక్టరీ ధర ఇంకొక కథ. పాలు ఎన్ని పోశారు, తోట ఎంతకు గుత్తకిచ్చారు, అప్పు ఎక్కడ తెచ్చారు అని విడివిడిగా అడిగితే నిజం దొరుకుతుంది. ఇంటి యజమానిని కాక కోడలిని విడిగా అడిగితే ఇంకో నిజం దొరుకుతుంది. ఆధార్ కాపీలు, ఫొటోలు ఎందుకు తీసుకుంటున్నారో చెప్పకుండా తీసుకోవడం తప్పని మొదటి రోజే నేర్పాలి.

అన్నిటికన్నా ముఖ్యం, ముగిసిన ప్రాజెక్టులకు తిరిగి వెళ్లడం. 2002 నుంచి మూడేళ్లు కుప్పంలో హ్యూలెట్-ప్యాకార్డ్ కంపెనీ ఐ-కమ్యూనిటీ అనే ప్రాజెక్టు నడిచింది. ఏపీవెల్ బోర్లు, ఏపీఫామ్స్ బోర్డులు, వాటర్‌షెడ్ కమిటీలు, వెలుగు తొలి సంఘాలు అన్నీ ఈ జిల్లాల్లోనే ఉన్నాయి. ఇరవై ఏళ్ల తరువాత అక్కడ ఏం మిగిలింది? దాతలకు దాని మీద ఆసక్తి ఉండదు, వాళ్ల గడువు ఎప్పుడో ముగిసింది. శాఖలకు కొత్త పథకం వచ్చేసింది. అడగగలిగింది విశ్వవిద్యాలయమే, దానికయ్యేది బస్సు ఖర్చు.

కనుక తిరుపతిలోని రెండు విశ్వవిద్యాలయాల సోషల్ వర్క్, ఎకనామిక్స్ శాఖలకు నా విన్నపం. వచ్చే విద్యా సంవత్సరం ఫీల్డ్‌వర్క్‌కు కొత్త ప్రశ్నావళి రాయకండి. ఏపీఫామ్స్ పనిచేసిన చిత్తూరు పల్లెల జాబితా తీసి, పిల్లలను జట్లుగా పంపండి. పాత రిజిస్టరు ఎవరి ఇంట్లో ఉందో వెతకమనండి, అప్పట్లో కొలిచిన అక్కను, అన్నను కలవమనండి, అదే బోరులో ఇవాళ్టి నీటిమట్టం కొలవమనండి. వచ్చిన ఫలితాన్ని తెలుగులో రాసి, ముందు ఆ ఊరి గ్రామసభలో చదివి, తరువాత మార్కులకు ఇవ్వమనండి. ఆ ఊరి పంచాయతీ బడ్జెట్‌లో వాన గొట్టానికి, నీటిమట్టం కొలిచే మనిషికి ఏటా ఒక పద్దు పెట్టమని జిల్లా పరిషత్తును అడగండి.